చాటు ఎటువైపు?

అనగనగా ఒక అడవిలో ఒక మడుగు. ఆ మడుగు మీదికి వంగి ఒక ఈతచెట్టు. ఆ ఈతచెట్టు నిండా గిజిగాళ్ళు. ఈ కథలో సింహం లేదు, నక్క లేదు, రాజకుమారుడు అసలే లేడు. ఆ సంగతి ముందే చెబుతున్నాను, మధ్యలో మూతి ముడుచుకోకండి. పిడికిట్లో పట్టే పిట్టల కథ ఇది. అయినా నాకు ఏ రాజు కథ చెప్పినా రానంత గర్వం ఈ కథ చెప్పేటప్పుడు వస్తుంది. ఎందుకో మీరే వినండి.

గిజిగాడి గూడు ఎప్పుడైనా చూశారా? ఆకు కొసన సొరకాయలా వేలాడుతుంది. సూది లేదు, దారం లేదు, చేతులంటూ అసలే లేవు. ముక్కుతో ఆకుని సన్నగా చీల్చి, పోగు వెంట పోగు దూర్చి, ముడి మీద ముడి వేసి అల్లుతాడు. మనం చెప్పుల తాడు కట్టుకోడానికే అమ్మని పిలుస్తాం.

ఆ గుంపులో ఒక ఆచారం ఉండేది. మగపిట్ట సగం గూడు అల్లి, పక్కన నిలబడి రెక్కలు టపటపలాడిస్తాడు. అప్పుడు ఆడపిట్ట వస్తుంది. లోపల కూర్చుంటుంది. ముడులు లాగుతుంది. గూడంతా ఊపుతుంది. నచ్చితే మిగతా సగం అల్లమంటుంది. నచ్చకపోతే ఒక్క మాటైనా అనకుండా ఎగిరిపోతుంది. అల్లినవాడు ఎంత గొప్పవాడైనా సరే, పరీక్ష జరగని గూట్లో గుడ్డు పెట్టడమన్నది ఆ గుంపులో లేదు.

ఆ పరీక్ష చెయ్యడంలో తుంగమ్మని మించినవాళ్ళు లేరు. తుంగమ్మ వస్తోందంటే కుర్ర గిజిగాళ్ళు తమ ముడులు తామే మరోసారి లాగి చూసుకునేవారు. పోగు ఎక్కడ పలచగా ఉందో, ముడి ఎక్కడ జారుతుందో ఇట్టే పట్టేసేది. అలాగని పొగరుబోతు కాదు. బాగుంటే బాగుందని నోరారా మెచ్చుకునేది.

గుంపుకి పెద్ద పోచయ్య తాత. ముసలివాడైపోయినా ఆయన వేసిన ముడి కోతి లాగినా ఊడేది కాదు. రోజూ పొద్దున్నే పిల్లల్ని మట్ట మీద వరసగా కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు.

"చాటున కట్టు. చాటున పొదుగు. చాటునుంచే పిల్లల్ని ఎగరెయ్యి."

పిల్లలందరూ గొంతు కలిపి మళ్ళీ చెప్పేవారు. ఆ పాఠం పోచయ్య తాతకి ఆయన తాత చెప్పాడు. ఆయనకి ఇంకెవరో చెప్పారు.

ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి. చాటు అంటే ఆ పిట్టల భాషలో సూర్యుడు పొడిచే వైపు. పోటు అంటే సూర్యుడు కుంగే వైపు. మనం తూర్పు, పడమర అంటామే, వాళ్ళకి అవి చాటు, పోటు. ఆ అడవిలో గాలీ వానా ఎప్పుడూ సూర్యుడు కుంగే వైపు నుంచే కొట్టేవి. పొడిచే వైపు కట్టిన గూళ్ళు చెట్టు మాటున హాయిగా ఊగేవి. ఆ పాఠం వల్ల బతికి రెక్కలు విప్పిన పిల్లలకి లెక్కే లేదు. కాబట్టి దాన్ని చూసి ఎవరూ నవ్వకండి.

ఒక ఏడు వానలు పడలేదు. మడుగు ఎండి నెర్రెలు విచ్చింది. ఈత మట్టలు చీలిస్తే పీచు రావడం మానేసి పొడి రాలింది. ఇంక అక్కడ ఉంటే లాభం లేదని గుంపంతా లేచింది. ఎగిరి, ఆగి, మళ్ళీ ఎగిరి, చివరికి సముద్రం ఒడ్డునున్న ఇంకో అడవికి చేరారు. అక్కడ ఒక ఉప్పుటేరు, దాని పక్కన ఒక పెద్ద తాటిచెట్టు. నీళ్ళకి కొదవ లేదు, గింజలకి కొదవ లేదు. ఆ అడవికి సూర్యుడు పొడిచే వైపే సముద్రం.

ఆ తాటిచెట్టు మొదట్లో ఒక తొండ కాపురం ఉండేవాడు. ఎవరేం చెప్పినా తల పైకీ కిందికీ ఊపేవాడు. అందుకని అందరూ తలూపుల మామ అనేవారు. ఇద్దరు పోట్లాడుకుంటూ ఆయన దగ్గరికి వెళితే ఇద్దరికీ తల ఊపేవాడు. ఇద్దరూ తామే గెలిచామనుకుని వెళ్ళిపోయేవారు.

గిజిగాళ్ళు తల ఎత్తి చెట్టుని చూశారు. చాటు వైపు మట్టలు చూసుకున్నారు. పాఠం తప్పకుండా గూళ్ళన్నీ అటే కట్టారు. తుంగమ్మ ఏరి కోరి ఒక గూడు ఎంచుకుని గుడ్లు పెట్టింది.

సముద్రం మీంచి గాలి లేచింది. ఆ గాలికి గూళ్ళు ఊడి ఉప్పుటేట్లో పడ్డాయి. తుంగమ్మ గుడ్లు నీళ్ళలో తేలుతూ వెళ్ళిపోయాయి. ఆమె వాటి వెనకాలే నీటి మట్టానికి ఎగురుతూ చాలా దూరం వెళ్ళింది. ఏం చెయ్యగలదు పాపం, తిరిగొచ్చింది.

పోచయ్య తాత అందర్నీ పిలిచి అన్నాడు, "ముడులు వదులుగా వేశారు. ఇక్కడ ఉప్పుగాలికి పీచు జారుతుంది. ముడి మీద ఇంకో ముడి వెయ్యండి."

"నేను లాగి చూశాను తాతా. ముడి గట్టిగానే ఉంది" అంది తుంగమ్మ.

"అయితే నీకు తెలియకుండా జారి ఉంటుంది" అన్నాడు తాత.

సరే, జంట ముడులు వేశారు. తుంగమ్మ మళ్ళీ గుడ్లు పెట్టింది. మళ్ళీ గాలి లేచింది. ఈసారి గూళ్ళు చాలావరకు ఊడలేదు. కానీ బొంగరాల్లా గిరగిరా తిరిగాయి. లోపలి గుడ్లు ఒకదానికొకటి కొట్టుకుని పగిలిపోయాయి.

"గూళ్ళు మరీ తేలిగ్గా ఉన్నాయి. లోపల తడిమట్టి అంటించండి. బరువుంటే తిరగవు" అన్నాడు పోచయ్య తాత.

మట్టి అంటించారు. నిజం చెప్పాలంటే అది మంచి ఉపాయమే. గూళ్ళు తిరగడం తగ్గింది. కానీ ఈసారి గాలితో పాటు వాన కూడా ఎదురుగా కొట్టింది. మట్టి కరిగింది, పీచు చివికింది, గూళ్ళ గోడలు తెగిపోయాయి. తుంగమ్మ గుడ్లు మూడోసారి కూడా పోయాయి.

ఇప్పుడు రెల్లయ్య ముందుకొచ్చాడు. వీడి గురించి చెప్పలేదు కదూ. పోచయ్య తాత శిష్యుల్లో అందరికంటే పెద్ద గొంతు వీడిది. తాత దగ్గితే వీడూ దగ్గేవాడు. తుంగమ్మకి వరసకి మరిది.

"ఇక్కడి తాటాకు మంచిది కాదు. పాత అడవికి వెళ్ళి ఈతాకు తెచ్చుకుని అల్లాలి. అదొక్కటే కాదు, తుంగమ్మ వదిన అనుమానంగా ఊపి ఊపి గూళ్ళని పాడుచేస్తోంది" అన్నాడు రెల్లయ్య.

ఆ మాటకి తుంగమ్మకి కోపం రాలేదని కాదు, కోపానికి తీరిక లేదు. గుడ్లు పెట్టే కాలం అయిపోవచ్చింది. ఇంకొక్కసారి మాత్రమే పెట్టగలదు. ఆమెకి వయసు మీద పడుతోంది, వచ్చే ఏటికి పెట్టగలదో లేదో తెలియదు. ఈసారి కూడా పోతే ఆమెని అమ్మా అని పిలిచేవాళ్ళు ఇక ఉండరు. ఆమె ఒక్కతే కాదు, ఆ ఏడు అప్పటిదాకా గుంపులో ఏ గూట్లోనూ ఒక్క పిల్లైనా బతకలేదు.

అలా దిగులుగా తాటి మొదట్లో వాలి కూర్చుంది. తలూపుల మామ ఎండ కాచుకుంటున్నాడు. ఇంతలో సముద్రం వైపు నుంచి ఒక గద్ద వచ్చింది. మామ సర్రున చెట్టు అవతలికి పాకిపోయాడు.

"ఎక్కడికి మామా?" అంది తుంగమ్మ.

"చాటుకి" అన్నాడు మామ అవతలి నుంచి.

తుంగమ్మకి వింతగా తోచింది. "చాటు ఇటు కదా మామా. సూర్యుడు పొడిచే వైపు. నువ్వు పోటు వైపుకి వెళ్ళావు."

మామ తల బయటికి పెట్టి చూశాడు. "నీకేమైనా మతిపోయిందా అమ్మాయ్? గద్ద అటు నుంచి వస్తుంటే నేను అటే వెళ్ళి కూర్చోవాలా, నన్ను తినవే అని? గద్ద ఎటుంటే దానికి అవతలి వైపు నాకు చాటు. అదిగో, గద్ద ఇటు తిరిగింది చూడు, నా చాటు అటు మారింది." అంటూ మళ్ళీ ఇవతలికి పాకొచ్చాడు. "నా చాటు చెట్టు చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. అందుకే నేనింకా బతికున్నాను. నా అంత తెలివైనవాడు ఈ చుట్టుపక్కల లేడులే."

గొప్పలు చెప్పుకుంటూ తల ఊపుకున్నాడు మామ. తుంగమ్మ ఆ గొప్పలు వినడం లేదు. ఆమె మనసు ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. చాటు. పుట్టినప్పటి నుంచి రోజూ అంటున్న మాట. దేనికి చాటు? గాలికి చాటు. గాలి అటు నుంచే వస్తుంటే అది చాటు ఎలా అవుతుంది? పేరు పెట్టినవాళ్ళు అప్పటికి సరిగ్గానే పెట్టారు. తర్వాత వచ్చినవాళ్ళందరూ పేరు మాత్రం పట్టుకుని, అది దేనికి పెట్టారో మర్చిపోయారు. చెట్టు మారింది, గాలి మారింది, పేరు మాత్రం పాతవైపునే అంటిపెట్టుకుని ఉంది.

ఆమె నేరుగా పాఠం జరిగే మట్ట దగ్గరికి వెళ్ళింది.

"తాతా, ఒక మాట అడగనా? సూర్యుడు పొడిచే వైపుకి చాటు అని పేరెందుకు వచ్చింది?"

పోచయ్య తాత కన్నా ముందు రెల్లయ్య అందుకున్నాడు. "పేరుకి ఎందుకేమిటి వదినా? నీళ్ళని నీళ్ళనే ఎందుకంటారు? పెద్దవాళ్ళు పెట్టారు, మనం అంటాం."

"గాలికి మరుగ్గా ఉంటుందనే పెట్టి ఉంటారు మరిదీ. ఇక్కడ అటే గాలి కొడుతోంది. మనం చాటు చాటు అనుకుంటూ గాలికి ఎదురుగా కడుతున్నాం" అంది తుంగమ్మ.

పిల్లలు గుసగుసలాడారు. పోచయ్య తాత ఈకలు బిగించాడు. "అంటే గూళ్ళు పోటు వైపు కట్టాలంటావా? మన గుంపులో ఎవర్నీ ఎన్నడూ కట్టనివ్వలేదు. కట్టినవాళ్ళ గూళ్ళు పీకి పారేశాం. నేనే పీకాను."

"ఆ అడవిలో మీరు చేసింది న్యాయమే తాతా. నేను వేరే సంగతి అడుగుతున్నాను. ఏం జరిగితే మన పాఠం ఇక్కడ తప్పని ఒప్పుకుంటారు?"

తాత మళ్ళీ ముడుల సంగతి ఎత్తబోయాడు.

తుంగమ్మ మెల్లగానే మాట్లాడింది. "మొదట గూళ్ళు పడితే ముడి వదులన్నారు. ముడి బిగిస్తే బరువు లేదన్నారు. బరువు పెడితే ఇప్పుడు ఆకు మంచిది కాదంటున్నారు. రేపు ఈతాకు తెచ్చినా పడితే ఇంకొకటి అంటాం. గూళ్ళు పడుతూనే ఉంటాయి, పాఠం మాత్రం ఎప్పటికీ పడదు. తాతా, మన గుంపులో మీరు అల్లిన గూడైనా లాగి, ఊపి చూశాకే గుడ్డు పెడతాం. అది మన గొప్ప. ఏ పిట్టల్లోనూ లేదు. గూటికి పరీక్ష ఉన్నప్పుడు పాఠానికి పరీక్ష వద్దా?"

రెల్లయ్యకి ఒళ్ళు మండిపోయింది. "పాఠానికి పరీక్షా? తాతగారికి ఎదురు చెబుతావా? ఈవిణ్ణి గుంపులోంచి పంపేద్దాం తాతా."

పోచయ్య తాత పాఠం మధ్యలోనే ఆపేసి, ఎగిరిపోయి ఉప్పుటేటి అవతల ఒక తుమ్మకొమ్మ మీద ఒంటరిగా కూర్చున్నాడు. బాధపడకుండా ఎలా ఉంటాడు చెప్పండి? జన్మంతా చెప్పిన పాఠం. ఎవరో అడవిలో పోయేవాళ్ళు అడిగితే విదిలించేసేవాడు. అడిగింది తను మెచ్చిన తుంగమ్మ. అడిగింది కూడా తన గుంపు ఆచారం చూపించి అడిగింది.

ఆ పూటంతా ఆలోచించాడు. మర్నాడు పొద్దున తిరిగొచ్చి అందర్నీ పిలిచాడు.

"నా చిన్నప్పుడు మా ముత్తవ్వ చెప్పింది. ఒకప్పుడు మనవాళ్ళు కాకుల్లా కొమ్మ పైన పుల్లలు పేర్చి గూళ్ళు కట్టేవారట. పాములొచ్చి గుడ్లు మింగేవట. కొమ్మ కింద వేలాడదీద్దామని మొదట ఎవరో ఒకావిడ అందట. ఆమెని పిచ్చిదన్నారట. ఇవాళ మనమందరం వేలాడే గూళ్ళలోనే పుట్టాం. ఆవిణ్ణి పిచ్చిదన్నవాళ్ళకి ఏం పేరుందో ఎవరికీ తెలియదు. నాకు వాళ్ళలో చేరాలని లేదు" అన్నాడు.

తర్వాత తుంగమ్మ వైపు తిరిగాడు. "రెండు గూళ్ళు కడదాం. ఒకటి చాటున, ఒకటి పోటున. ఒకే ఆకు, ఒకే ముడి, ఒకే మట్టి. రెండూ నేనే అల్లుతాను. అప్పుడు ఎవరి పని బాగా లేదనీ ఎవరూ అనలేరు. పోటు గూడు పడితే?"

"నా ఊహ తప్పు. అందరి ముందూ నేనే చెబుతాను" అంది తుంగమ్మ.

"చాటు గూడు పడి, పోటు గూడు నిలిస్తే నా పాఠం ఇక్కడ తప్పు. అందరి ముందూ నేనే చెబుతాను" అన్నాడు తాత. "మరి గుడ్లు ఎందులో పెడతావు అమ్మాయ్? చాటు గూట్లో పెడితే నిన్నెవరూ ఏమీ అనరు."

అవే ఆఖరి గుడ్లని తుంగమ్మకి తెలుసు. అయినా తల ఎత్తే చెప్పింది. "నేను నమ్మినదాంట్లోనే పెడతాను. నా మాటకి ఇంకొకరి గుడ్లని పణం పెట్టను."

పోచయ్య తాత అల్లడం మొదలుపెట్టాడు. గుంపంతా చుట్టూ మట్టల మీద చేరి చూస్తోంది. చాటు గూడు అందరూ ఊహించినట్టే వచ్చింది, నున్నగా, ముచ్చటగా. పోటు గూడు మొదలెట్టినప్పుడు రెల్లయ్య మెల్లగా తాత చెవి దగ్గరికి చేరాడు.

"తాతా, దీనికి ముడి కాస్త వదులుగా వేస్తే సరి. ఎవరికీ తెలియదు. మీ మాట నెగ్గుతుంది."

పోచయ్య తాత ముక్కులో పోగు అలాగే పట్టుకుని వాడి వైపు చూశాడు. పోగు మట్ట మీద పెట్టి, అందరికీ వినపడేలా అన్నాడు, "ముక్కు ముదిరిన నాటి నుంచి నేను వదులు ముడి వేసి ఎరగను. ఇప్పుడు నా మాట కోసం వెయ్యనా? మాట పోతే పోనీ, నా ముడి పోకూడదు. నువ్వు కొంచెం అవతల కూర్చో నాయనా."

రెల్లయ్య తల దించుకుని అవతల కూర్చున్నాడు. తాత ఆ రెండో గూటికి మొదటిదానికంటే ఒక్క పోగు ఎక్కువ వెయ్యలేదు, తక్కువ వెయ్యలేదు. తన పాఠం తప్పని చూపించబోయే గూడేమో అది. దాన్ని అంత ప్రేమగా అల్లాడు. పిల్లలూ, నేను గర్వం గర్వం అంటున్నది ఈ ముసలాయన్ని చూసే.

తుంగమ్మ రెండింటినీ పరీక్ష చేసింది. లాగింది, ఊపింది, లోపల కూర్చుని వీపుతో నెట్టి చూసింది. "రెండింటికీ తేడా లేదు" అని అందరికీ చెప్పింది. తర్వాత పోటు గూట్లోకి వెళ్ళి గుడ్లు పెట్టింది.

మొదట వచ్చిన గాలి చిన్నది. రెండు గూళ్ళూ ఊగి ఊరుకున్నాయి. రెల్లయ్య ఊపిరి పీల్చుకున్నాడు. తుంగమ్మ పొదుగుతూనే ఉంది. ఆ తర్వాత ఇంకో గాలి వచ్చింది. అదీ చిన్నదే. ఎవరి మాట నిజమో తేలలేదు.

మూడోది మాత్రం గాలివాన. మధ్యాహ్నానికే సముద్రం మీద ఆకాశం నల్లబడింది. తాటి మట్టలు ఒకదాన్నొకటి కొట్టుకుని చప్పుడు చేశాయి. గిజిగాళ్ళందరూ చెట్టు మొదట్లోకి దూరారు. పోచయ్య తాత ఒక్కడే పైన మట్టని కాళ్ళతో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. చూడాలి మరి, చూడకుండా ఎలా చెబుతాడు?

చాటు గూడు మొదట పక్కకి లేచింది. తర్వాత తలకిందులైంది. ముడి ఊడలేదు, తాత ముడి కదా. ముడితో పాటు ఆకు కొసే తెగిపోయి గూడు ఉప్పుటేట్లో పడింది. తెగిన కొస తాత కళ్ళ ముందు కొట్టుకుంటోంది.

అవతలి వైపు తుంగమ్మ గూడు ఊగుతోంది. గాలి అంతా చెట్టు నిండా ఉన్న మట్టలకి తగిలి, చీలి, పక్కల నుంచి పోతోంది. లోపల తుంగమ్మ రెక్కలు పరిచి గుడ్ల మీద అదిమి కూర్చుంది. ప్రతి ఊపుకీ ఇంక అయిపోయిందనే అనుకుంది. అలా అనుకుంటూ అనుకుంటూ ఉండగానే వాన వెలిసింది.

గుంపంతా పైకి వచ్చింది. తుంగమ్మ గూట్లోంచి తల బయటికి పెట్టి తాత వైపు చూసింది. చెప్పవలసింది తాత. ఒప్పందం అది.

పోచయ్య తాత తడిసి ముద్దై ఉన్నాడు. తెగిన కొస పక్కనే నిలబడి, రోజూ పాఠం చెప్పే గొంతుతోనే అన్నాడు, "నా పాఠం ఇక్కడ తప్పు."

మాట నసగలేదు. గాలి తప్పనలేదు, ఆకు తప్పనలేదు. అంతే, ఒక్క ముక్క. ఆ క్షణంలో ఆయన్ని చూసి గుంపులో ఒక్కరికి కూడా నవ్వు రాలేదు. ఆయన మీద గౌరవం పెరిగింది తప్ప తరగలేదు.

అందరికంటే ముందు తేరుకున్నవాడు ఎవరనుకున్నారు? రెల్లయ్యే. "అయితే రేపటి నుంచి పాఠం మారుద్దాం. పోటున కట్టు, పోటున పొదుగు, పోటునుంచే ఎగరెయ్యి. చాటున కట్టినవాళ్ళ గూళ్ళు పీకి పారేద్దాం" అని కేక పెట్టాడు.

తుంగమ్మకి నవ్వాగలేదు. "మరిదీ, రేపు గాలి మళ్ళీ అటు తిరిగితే ఏం చేస్తావు?"

రెల్లయ్య మెడ తిప్పి సముద్రం వైపు చూశాడు.

పోచయ్య తాత కూడా నవ్వాడు. "వైపుకి చాటని పేరు పెట్టుకునే ఇంత దూరం వచ్చాం. ఇంకో వైపుకి ఆ పేరు అంటగడితే మళ్ళీ ఇదే గోల. ఇవాళ్టి నుంచి సూర్యుడు పొడిచే వైపుని పొడుపు అందాం, కుంగే వైపుని కుంగు అందాం. చాటు ఏ వైపుకీ సొంతం కాదు. ముందు గాలి ఎటో చూడు, తర్వాత చాటు వెతుక్కో, అప్పుడు కట్టు. పాత అడవిలో మన గూళ్ళు ఎందుకు నిలిచాయో, ఇక్కడ ఎందుకు పడ్డాయో ఈ పాఠం రెండూ చెబుతుంది. నా పాఠం ఒక్కటే చెప్పగలిగింది."

"జంట ముడీ, మట్టీ మానెయ్యాలా తాతా?" అని ఒక పిట్ట అడిగింది.

"ఎందుకు మానడం? తప్పుదారిలో వెతుకుతుంటే దొరికినవే, అయినా మంచి సామాన్లే. ఉంచుకుందాం" అన్నాడు తాత.

కాలం కాస్తే మిగిలింది. ఆ కాస్తలోనే గుంపంతా గాలి చూసుకుని, చాటు వెతుక్కుని, చకచకా గూళ్ళు కట్టింది. ఆ ఏడు కూడా పిల్లలు ఎగిరారు. అందరికంటే ముందు ఎగిరింది తుంగమ్మ పిల్లలు. వాళ్ళలో ఒక ఆడపిల్ల పేరు గరిక.

ఒకరోజు పాఠంలో ఒక గడుగ్గాయి పిల్ల అడిగేసింది, "తాతా, అయితే నువ్వు ఇన్నాళ్ళూ తప్పు చెప్పావా?"

పెద్దవాళ్ళు ఉలిక్కిపడ్డారు. తాత మాత్రం తాపీగా చెప్పాడు. "అక్కడ చెప్పినప్పుడు మీ అమ్మలు బతికారు నాన్నా. ఇక్కడ చెప్పినప్పుడు గుడ్లు పోయాయి. ఆ గుడ్లు నాకు ఇప్పటికీ గుర్తే. తప్పని తెలిశాక మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు. మన పాఠం కొమ్మ పైనుంచి కొమ్మ కిందికి వచ్చింది, చాటు నుంచి గాలి దగ్గరికి వచ్చింది. అలా నడుస్తున్న పాఠంలో నేనూ ఒక అడుగు వేశాను. నాకది చాలు."

ఏడాది తిరిగింది. గరిక పెద్దదై పరీక్షలు చెయ్యడం మొదలుపెట్టింది. ఒక పొద్దున పాఠం జరుగుతుండగా వచ్చి మట్ట మీద వాలింది.

"తాతా, కొత్త పాఠం చెప్పినట్టే గాలి చూసి చాటున కట్టిన గూడు ఒకటి పడిపోయింది. ఆ పూట గాలి కూడా లేదు. నేను వెళ్ళి ఆకు మొదలు చూశాను. లోపల ఏదో తొలిచినట్టుంది. మన పాఠంలో గాలి గురించే ఉంది, ఆకు గురించి ఏమీ లేదు" అంది.

ఇప్పుడు రెల్లయ్యే కొత్త పాఠానికి పెద్ద కాపలాదారు. వాడు గొంతు సవరించుకున్నాడు. "ఎంత కష్టపడి తెచ్చుకున్న పాఠం, దానికీ వంకలేనా? ఆకుకి సవాలక్ష కారణాలుంటాయి" అన్నాడు.

పోచయ్య తాత వాడికి ఆగమని రెక్కతో సైగ చేశాడు. గరికని ఎగాదిగా చూశాడు. అవతలి మట్ట మీద కూర్చున్న తుంగమ్మకి కూతురి మాటలన్నీ వినపడ్డాయి. గర్వంతో ఆమె మెడ సాచి కూతురినే చూసింది.

తాత మెల్లగా పక్కకి జరిగాడు. ఇన్నేళ్ళుగా తను కూర్చుని పాఠం చెప్పిన చోటు ఖాళీ చేశాడు.

"ఇలా వచ్చి కూర్చో తల్లీ" అన్నాడు. "ఇవాళ పాఠం నువ్వు చెప్పు. మేము పరీక్ష చేస్తాం."

నీతి: ఎంత గొప్ప పాఠమైనా పరీక్షకి నిలబడాలి, నిలబడనప్పుడు దాన్ని నలుగురి ముందూ ఒప్పుకుని మార్చుకోగలగడమే తెలివికి అసలైన గర్వం.